ముందు గుర్రాల దాణా గురించి రాయి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

ఇంగ్లండ్‌లో లీడ్స్ ఊరికి బొగ్గు చేరవేసిన మిడిల్టన్ రైల్వే మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యం కొట్టెయ్. 'ప్రపంచంలో మొట్టమొదటి రైల్వే' అన్నావు. కాదమ్మా. 1604 నాటికే నాటింగ్‌హామ్ దగ్గర వోలటన్‌లో చెక్క పట్టాల మీద గుర్రాలు బొగ్గు బండ్లు లాగాయి. మిడిల్టన్‌ది వేరే ఘనత. పార్లమెంటు చట్టంతో హక్కు పొందిన మొదటి రైల్వే అది, 1758లో. ఆ చట్టం ఎందుకు కావలసి వచ్చిందో చెప్పకుండా వదిలేశావు. పోటీ గనుల బొగ్గు పడవల్లో లీడ్స్ చేరుతోంది. గని యజమాని చార్లెస్ బ్రాండ్లింగ్ బొగ్గేమో పరాయి భూముల మీదుగా రావాలి. ఆ దారిని రేపెవరూ అడ్డుకోకుండా చట్టం చేయించుకున్నాడు. బదులుగా ఊరికి ఒకే ధరకు బొగ్గు ఇస్తానని ఒప్పుకున్నాడు.

ఆవిరి ఇంజినూ నీ వ్యాసంలో ఉన్నట్టుండి ఊడిపడింది. నెపోలియన్ యుద్ధాల వల్ల, ఆ బండ్లు లాగే గుర్రాల ధరా, దాణా ధరా మండిపోయాయి. ముందు ఆ దాణా గురించి రాయి. అప్పుడు గని వ్యవహారాలు చూసే జాన్ బ్లెంకిన్సాప్ 1811లో పళ్ల పట్టాకి పేటెంటు ఎందుకు తీసుకున్నాడో చదివేవాళ్లకి దానంతటదే తెలుస్తుంది.

ఆ పేటెంటును 'వినూత్న సాంకేతికత' అన్నావు. ఆ మాట చదివితే నాకేమీ కనబడలేదు. అతని చిక్కు చెప్పు: ఇంజిన్ బరువైతే పోత ఇనుప పట్టాలు విరుగుతాయి. 1804లో వేల్స్‌లోని పెనిడారెన్‌లో ఇంజినీరు ట్రెవితిక్ కట్టిన ఆవిరి ఇంజిన్ కింద అలాగే విరిగాయి. తేలికైతే చక్రం జారుతుందని భయం. అప్పుడు పట్టా దగ్గరికి తీసుకెళ్లు. మూడడుగుల ముక్క. బయటి అంచున వరసగా పళ్లు, పట్టాతో కలిపి పోతపోసినవి. ఇంజిన్‌కి ఎడమ పక్కన ఇరవై పళ్ల చక్రం. ఒక్కో పన్నూ సందులో దిగి, పట్టు దొరకబుచ్చుకుని, బండిని ముందుకు తోస్తుంది.

ఇంకో మాట. 1812 జూన్ 24న ఈ సలమాంకా ఇంజిన్ జనం ముందు నడిచినప్పుడు వాళ్లు 'సలమాంకా, సలమాంకా' అని కేకలు వేశారని రాశావు. ఆ ఇంజిన్‌కి ఆ పేరు రావడానికి కారణమైన, స్పెయిన్‌లోని సలమాంకా యుద్ధం జరిగింది జులై 22న. ఆ కేక తీసెయ్. ఎంత అందంగా ఉన్నా సరే. లీడ్స్‌లోని హోల్బెక్‌లో ఆ ఇంజిన్‌ని కట్టిన మాథ్యూ మర్రే గురించి ఇంకో నాలుగు వాక్యాలు రాసుకో.

వ్యాసాన్ని ఆనాటి చప్పట్ల దగ్గర ఆపేశావు. 1818లో సలమాంకా బాయిలరు పేలింది. ఎక్కువైన ఆవిరిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వును డ్రైవరు కదిలించాడని రైల్వే ఇంజినీరు జార్జ్ స్టీఫెన్సన్ పార్లమెంటు కమిటీకి చెప్పాడు. 1834లో మరో ఇంజిన్ పేలి డ్రైవరు చనిపోయాడు. మరుసటేడు ఆ దారి మీదికి మళ్లీ గుర్రాలొచ్చాయి. అక్కడిదాకా రాయి. తొందరేం లేదు, దసరాలోపు పంపు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు