పిల్లి గదిలో ఉందా, గదిలో పిల్లి ఉందా?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఇంగ్లీషు కథ రెండుసార్లు చదివాను. కథ బాగుంది. తెలుగులో 'ఎ', 'యాన్', 'ది' లాంటి ఆర్టికల్స్ లేవు కాబట్టి వాటితో మనకు తిప్పలు తప్పవని రాశావు. అది సగమే నిజం.

'గదిలో పిల్లి ఉంది' అని చూడు. తరువాత 'పిల్లి గదిలో ఉంది' అను. మొదటి పిల్లి వినేవారికి కొత్తది, 'ఎ క్యాట్'. రెండోది ఏ పిల్లో వారికి ముందే తెలుసు, 'ది క్యాట్'. మనం మాటల వరుస మార్చి చేసే పనిని ఇంగ్లీషు ఒక చిన్న మాటతో చేస్తుంది. 'అనగనగా ఒక రాజు, ఆ రాజుకు ఏడుగురు కొడుకులు' అన్నప్పుడు 'ఒక' పోయి 'ఆ' ఎందుకొచ్చిందో నీకెవరూ నేర్పలేదు. 'ఎ', 'యాన్' పుట్టింది పాత ఇంగ్లీషులో 'ఒకటి' అనే మాట నుంచే. 'ది' కూడా 'ఆ, అది' అని చూపే మాటల సంతతే.

అందుకే నామవాచకం దగ్గర తడబడినప్పుడు సూత్రాన్ని కాదు, పాఠకుణ్ణి తలచుకో. నీ మొదటి పేజీలో 'ది ఓల్డ్ మ్యాన్' తలుపు తట్టాడు. ఏ ముసలాయన? పేజీ ఏదైనా వదిలేశానేమోనని వెనక్కి తిప్పాను. పాఠకుణ్ణి ఒక్కసారిగా కథ మధ్యలోకి లాగడానికి కావాలనే అలా మొదలుపెట్టేవారున్నారు. నీ ఉద్దేశం అది కాదని, రెండో పేజీలో అతణ్ణే 'యాన్ ఓల్డ్ మ్యాన్' అన్నప్పుడు తెలిసిపోయింది.

అయితే తెలుగును నమ్ముకుంటే దెబ్బతినే చోట్లూ ఉన్నాయి. 'ఒక సలహా' అంటాం కదా అని 'యాన్ అడ్వైస్' అనకూడదు. ఇంగ్లీషువారికి అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్ ఒకటి రెండు అని లెక్కపెట్టేవి కావు. నీ కథానాయకుడికి 'ఫ్యూ ఫ్రెండ్స్' ఉన్నారన్నావు. అంటే దాదాపు ఎవరూ లేనట్టే. తరువాతి పేరాలోనే నలుగురు వచ్చి అతణ్ణి భుజాల మీద ఎత్తుకున్నారు! అక్కడ 'ఎ ఫ్యూ' అనాలి.

'ఎ', 'యాన్' మధ్య సందేహం వస్తే ఆ మాటను తెలుగు లిపిలో రాసుకో. అవర్, ఎమ్మెల్యే అచ్చుతో మొదలవుతాయి, 'యాన్' పెట్టు. యూనివర్సిటీ, వన్ హల్లుతో మొదలవుతాయి, 'ఎ' చాలు. 'ఇయర్' లాంటి కొన్ని మాటల దగ్గర మాత్రం ఈ చిట్కా మోసం చేస్తుంది. సంవత్సరాన్నీ చెవినీ మనం ఒకేలా పలుకుతాం. ఇంగ్లీషులో సంవత్సరం 'యియర్', కాబట్టి 'ఎ ఇయర్'. చెవికైతే 'యాన్ ఇయర్'.

కథను మళ్లీ పంపు. ఆ ముసలాయన నాకు తెలిసినవాడో కాదో ముందు తేల్చుకో.