బ్రేక్ హోస్ బయటికి బాగానే కనిపిస్తే మార్చక్కర్లేదా?

మీ ప్రశ్న చదవగానే నా బండే గుర్తొచ్చింది. మీది ఏడేళ్ల పికప్, బ్రేక్ తొక్కితే కుడికి లాగుతోంది, ఎడమ ముందు చక్రం వేడెక్కుతోంది, ప్యాడ్లు కొత్తవి వేయించినా తగ్గలేదు, మెకానిక్ మాత్రం హోస్ (చక్రం దగ్గరి బ్రేక్‌కు ఆయిల్ తీసుకెళ్లే రబ్బరు గొట్టం) బయటికి బాగుంది, మార్చడం దండగ అంటున్నాడు, ఏం చేయమంటారు అని అడిగారు. హోస్ మీదే నాకు అనుమానం. కింద చెప్పిన పరీక్షలో అదే తేలితే మార్చేయండి. ఒక్కటి కాదు, ముందువి రెండూ.

నేను పదకొండేళ్లుగా సొంత పికప్ నడుపుతున్నాను. సీజన్‌లో పల్నాడు పల్లెల నుంచి గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) వేస్తాను, మిగతా రోజుల్లో ఏ కిరాయి దొరికితే అది. మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో, తెల్లవారుజామున యార్డు గేటు దగ్గర బండ్ల వరసలో ఉన్నాను. అంత మిర్చి ఘాటులోనూ కాలిన వాసన తగిలింది. దిగి చూస్తే ఎడమ ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టలేని వేడి. సీసాలోంచి నాలుగు చుక్కలు రిమ్ము మీద వేస్తే చుయ్‌మని ఆవిరైపోయాయి. ఆలోచిస్తే, వారం నుంచీ బ్రేక్ తొక్కినప్పుడు బండి కుడికి పోతోంది, పెడల్ వదిలాక కాసేపు ఎడమకు లాగుతోంది. నేను టైర్లలో గాలి తేడా అనుకుని వదిలేశాను.

ప్యాడ్లు మార్పించాను. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) కిట్ వేయించాను. రెండు వారాలకు మళ్లీ అదే. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చేసిన పరీక్ష మీకూ పనికొస్తుంది, కాస్త వివరంగా రాస్తాను.

బండిని చదునైన చోట ఆపి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ఎడమ ముందు చక్రం జాకీతో లేపి, కింద స్టాండు పెట్టారు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పెడల్ నాలుగైదుసార్లు గట్టిగా తొక్కి వదిలి, చక్రాన్ని చేత్తో తిప్పితే బిగుసుకుని ఉంది. కాలిపర్ మీది బ్లీడర్ నిపుల్ (లోపలి గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) కాస్త వదులు చేయగానే బ్రేక్ ఆయిల్ చిమ్మింది, చక్రం తేలిగ్గా తిరిగింది. అంటే లోపల ప్రెషర్ వెనక్కి పోకుండా నిలిచిపోతోంది. నిపుల్ బిగించి, మళ్లీ తొక్కి వదిలి, ఈసారి హోస్ పై కొసన ఇనుప పైపు నట్టు వదులు చేశారు. చక్రం బిగుసుకునే ఉంది. పైన దారి తెరిచినా కింద ప్రెషర్ విడుదల కాలేదంటే, అడ్డం హోస్‌లోనే ఉందన్నమాట. పై నట్టు వదిలినప్పుడు చక్రం వదిలి ఉంటే తప్పు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసే భాగం) వైపు. నిపుల్ వదిలినా చక్రం తిరగకపోతే కాలిపర్ పిస్టన్‌దో పిన్నులదో. అంతకుముందు నేను పెట్టిన ఖర్చంతా ఈ పావుగంట పరీక్ష చేయనందుకే. చేసేటప్పుడు కళ్లకు అద్దాలు పెట్టుకోండి, అయ్యాక లైన్లలో గాలి తప్పక తీయించండి.

ఆ పెద్దాయన పాత హోస్‌ను హాక్సా బ్లేడుతో నిలువునా కోసి నా చేతిలో పెట్టారు. పైన నల్లగా నిగనిగలాడుతోంది, ఒక్క పగులు లేదు. మధ్యలో నూలు అల్లిక ఉంది. లోపలి రబ్బరు మాత్రం ఉబ్బి, ఒకచోట చీలి, చిన్న నాలుకలా లేచి ఉంది. గుండుసూది పట్టేంత సందు మిగిలింది. మనం తొక్కే ప్రెషర్‌కు ఆయిల్ ఎలాగో ముందుకు తోసుకుపోతుంది, అది కూడా ఆలస్యంగా. అందుకే కుడి చక్రం ముందు పట్టి బండి కుడికి లాగేది. పెడల్ వదిలాక ఆయిల్ వెనక్కి రావడానికి బలం చాలదు, ఎడమ చక్రం పట్టుకునే ఉంటుంది. మీరు చెప్పిన లక్షణాలు సరిగ్గా ఇవే.

అది ఎందుకు చీలిందో కూడా నాకు తెలుసు. అంతకుముందు ఒక షెడ్‌లో ప్యాడ్లు మారుస్తూ, కాలిపర్‌ను హోస్‌కే వేలాడదీసి టీకి వెళ్లారు. నేను పక్కనే ఉండి చూశాను, అడగలేదు. మీరు మాత్రం అడగండి. కాలిపర్‌ను తీగతో కమాన్‌కో (స్ప్రింగు పట్టీలు) ఛాసిస్‌కో కట్టమనండి. ఆయిల్ కారకుండా హోస్‌ను ప్లయర్‌తో నొక్కి పట్టినా లోపల ఇలాగే దెబ్బతింటుంది.

బయటి నుంచి చూడటం కూడా మానకండి. నేను నెలకోసారి తడిగుడ్డతో హోస్‌లు తుడిచి టార్చి వేసి చూస్తాను. పొలం బురద ఎండి అట్టకట్టి ఉంటే పగుళ్లు కనపడవు. వేళ్లతో కాస్త వంచితే సన్నటి గీతలు తెరుచుకుంటాయి. ఇనుప కాలర్ దగ్గర చెమ్మ ఉందా, ఇంకొకరు పెడల్ గట్టిగా తొక్కితే ఎక్కడైనా బుడగలా ఉబ్బుతోందా, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పితే టైరుకు గానీ కమాన్‌కు గానీ రాసుకుంటోందా అని చూడాలి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బండి ఆపేయాల్సిందే. టేపు చుట్టడం, ఎంసీల్ పెట్టడం లాంటివి బ్రేక్ దగ్గర వద్దు.

వెనక యాక్సిల్ దగ్గరి హోస్‌ను ఎవరూ పట్టించుకోరు. ఓవర్ లోడ్ కోసం అదనపు కమాన్ కట్టలు వేయించినవాళ్లు ముఖ్యంగా చూడాలి. బాడీ ఎత్తు పెరుగుతుంది, హోస్ పొడవు మాత్రం పెరగదు. ఖాళీ బండి గుంతలో పడి యాక్సిల్ కిందికి జారినప్పుడు అది తీగలా లాగబడుతుంది.

కొత్తది మీ మోడల్‌కు సరిపడే పొడవుదే, ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి. బిగించేటప్పుడు మెలిక పడకూడదు. చాలా హోస్‌ల మీద పొడవునా ఒక గీత ఉంటుంది, అది తిన్నగా కనిపిస్తే చాలు. కాపర్ వాషర్లు పాతవి మళ్లీ వాడనివ్వకండి, బోల్టుకు రెండు వైపులా కొత్తవి వేయించండి. ముందు హోస్‌లు రెండు, ఆయిల్, కూలీ కలిపి నాకు ఒక దూరపు ట్రిప్పు కిరాయి కూడా కాలేదు.

ఆయిల్ సంగతి. బ్రేక్ ఆయిల్ పోసే రిజర్వాయర్ మూత మీద ఆయిల్ రకం డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది, అదే పోయించాలి. ఇంజిన్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్ ఒక్క చెంచా పడినా రబ్బరు సీళ్లూ హోస్‌లూ ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, నీరు పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. కోటప్పకొండ ఘాట్ లోడుతో దిగేటప్పుడు ఆ తేడా పెడల్ మీద తెలుస్తుంది. అందుకే రెండేళ్లకోసారి మొత్తం మార్పిస్తాను. సగం వాడి దాచిన డబ్బా పోయనివ్వను.

మీరు రేపు లోడు ఎత్తకముందే ఆ నిపుల్ పరీక్ష చేయించండి. పై నట్టు వదిలినప్పుడు చక్రం తిరిగిందో లేదో ఇక్కడ రాయండి, దాన్నిబట్టి తర్వాత ఏం చూడాలో చెబుతాను. అప్పటిదాకా బండి ఇంటి దగ్గరే ఉంచండి.