తీసినదేదీ పారేయనివ్వకు

తిరుపతి

చి.ల.సౌ. హరిణికి, మీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీవు పంపిన సందేశాన్ని చదివినప్పటి నుండి నా మనసు ఒకచోట నిలవడం లేదు. కన్నతల్లికి కూడా తెలియనీయకుండా పెళ్లికి ముందు రొమ్ములలో ఇంప్లాంట్లు, అంటే ఆకారం కోసం లోపల పెట్టే సిలికాన్ జెల్ గాని ఉప్పునీరు గాని నింపిన తిత్తులు, పెట్టించుకున్న శస్త్రచికిత్స గురించి ఇన్నేళ్లకు నాతో నోరు విప్పి చెప్పినందుకు గర్వంగానే ఉంది. మా తరంలో రొమ్ము అన్న మాట డాక్టరు ముందు పలకడానికే సిగ్గుపడి, గడ్డ పెరిగేదాకా కొంగు కప్పుకొని తిరిగినవాళ్లను ఆపరేషను థియేటరు బల్ల మీద ఎందరినో చూశాను. అయితే కుడివైపు గట్టిపడి నొప్పి పుడుతున్నదని ఒక వాక్యంలో రాసి, ఆ వెంటనే వచ్చే నెలలో మార్పించుకుంటున్నానని, ఈసారి కొంచెం పెద్దవి పెడతారని, ప్యాకేజీలో తగ్గింపు కూడా ఉందని రాశావే, అక్కడే నాకు భయం పట్టుకుంది. ఎందుకు గట్టిపడిందో ఎవరైనా చూశారా? స్కానింగు తీశారా? ఆ ఊసే లేదు. ఆషాఢమాసపు తగ్గింపులో చీరకు వెళ్లినట్టు శరీరం మీద కత్తి పెట్టించుకోవడానికి తేదీ ఖాయం చేసుకుంటారా తల్లీ?

ఇంప్లాంటు జన్మంతా ఉండే వస్తువు కాదు. ఎప్పుడో ఒకప్పుడు తీయించుకోవలసి రావచ్చుననే మాట మొదటి డాక్టరే నీకు స్పష్టంగా చెప్పి ఉండవలసింది. ఇక గట్టిపడడం సంగతి. పరాయి వస్తువు ఏది లోపలికి వచ్చినా శరీరం దాని చుట్టూ ఒక పొరను అల్లుకుంటుంది, అది సహజమే. ఆ పొర మందమై, బిగుసుకొని, లోపలి ఇంప్లాంటును నొక్కడం మొదలుపెట్టినప్పుడే చిక్కు వస్తుంది. మళ్లీ ఆపరేషనుకు వచ్చే కారణాలలో అన్నింటికంటే తరచుగా కనిపించేది ఇదే. దీనిని బేకర్ అనే సర్జను పేరుతో నాలుగు దశలుగా చెబుతారు: మెత్తగా సహజంగా ఉంటే మొదటిది, తాకితే కొంచెం బిగువు తెలిస్తే రెండవది, ఆకారం మారితే మూడవది, దానికి నొప్పి కూడా తోడైతే నాలుగవది. నీవు రాసినదానిని బట్టి నీది మూడు దాటినట్లుంది, కానీ ఉత్తరం చదివి దశ చెప్పేదాన్ని నేను కాదు. పూర్వం ఆ పొరను చేతులతో గట్టిగా పిండి పగలగొట్టే పద్ధతి ఒకటి ఉండేది. లోపలి ఇంప్లాంటే పగులుతున్నదని దానిని మానేశారు. మసాజుతో మెత్తబరుస్తామని ఎవరైనా ఇప్పుడు నీ రొమ్మును పిండబోతే అక్కడి నుండి లేచి వచ్చెయ్యి.

రెండవ కారణం చిరుగు. ఉప్పునీరు నింపినది చిరిగితే ఒకటి రెండు రోజులలోనే రొమ్ము దిగిపోయి నీకే తెలుస్తుంది. సిలికాన్ జెల్ అయితే చిరిగినా ఆ పొరలోనే నిలిచి, ఏళ్ల తరబడి ఏ గుర్తూ చూపకుండా ఉండవచ్చు. అందుకనే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ జెల్ ఇంప్లాంట్లు పెట్టించుకున్నవారు ఏ బాధా లేకపోయినా పెట్టించుకున్న 5, 6 ఏళ్లకు మొదటిసారి, ఆ తరువాత 2, 3 ఏళ్లకొకసారి అల్ట్రాసౌండు గాని ఎంఆర్ఐ గాని తీయించుకోవాలని చెబుతున్నది. నీవు ఒక్కసారి కూడా తీయించుకోలేదని నీ మాటల్లోనే తెలిసిపోయింది. ఇద్దరు పిల్లలకు పాలిచ్చి, బరువు పెరిగి తగ్గాక ఆకారం జారడం, ఇంప్లాంటు పక్కకు జరగడం, అంచులు ముడతలుగా కనిపించడం వంటివి కూడా కారణాలే గాని వాటికి తొందర లేదు.

తొందర ఉన్నది ఒక్కదానికి, దాని గురించే ఈ ఉత్తరం. నాతోపాటు థియేటరులో పనిచేసిన ఒక సిస్టరు ఉండేది. క్యాన్సరుకు ఒక రొమ్ము తీసేశాక, వేరే ఊరిలో ఇంప్లాంటుతో మళ్లీ కట్టించుకున్నది. ఎనిమిది, తొమ్మిదేళ్లు ఏ బాధా లేదు. ఆ తరువాత దెబ్బ తగలకుండా, జ్వరం లేకుండా ఆ పక్క ఉన్నట్టుండి ఉబ్బింది. దగ్గరలోని ఒక నర్సింగు హోమ్‌కు వెళితే అక్కడి డాక్టరు సిరంజితో నీరు లాగి, ఆ నీటిని బేసినులో పారబోసి, చీము పట్టకుండా మాత్రలు రాసి పంపించాడు. వాపు తగ్గింది. కొన్ని నెలలకు మళ్లీ నిండింది, మళ్లీ లాగారు, మళ్లీ పారబోశారు. చూడు హరిణీ, ఆమె జీవితమంతా థియేటరులో నిలబడి, తీసిన చిన్న కంతిని కూడా సీసాలో వేసి, పేరు రాసి ప్రయోగశాలకు పంపిన మనిషి. ఆ నీటిని పారబోయకూడదని ఆమెకు తెలియక కాదు. రోగి బల్ల మీద పడుకున్నాక ఆ ప్రశ్న అడిగితే డాక్టరును అనుమానించినట్లవుతుందని మొహమాటపడింది. మూడవసారి నిండినప్పుడు పెద్ద ఆసుపత్రికి వెళ్లింది. అక్కడి డాక్టరు మొదటగా అడిగినవి రెండే: ఇదివరకు తీసిన నీటి రిపోర్టు ఏది, ఇంప్లాంటు కంపెనీ, రకం రాసి ఇచ్చే కార్డు ఏది? రెండూ లేవు. కార్డు ఇల్లు మారినప్పుడు పోయింది, పెట్టిన సర్జను ఊరు వదిలి వెళ్లాడు, దాని పైపొర నునుపో గరుకో చెప్పగలవారే లేరు. ఆ నీటిలో కణాల పరీక్ష, ఆ కణాల మీద సీడీ30 అనే గుర్తు ఉన్నదేమో చూసే పరీక్ష చేయించాక గాని తెలియలేదు, అది ఇంప్లాంటు చుట్టూ పుట్టే లింఫోమా అని.

ఇది రొమ్ము క్యాన్సరు కాదు. రోగనిరోధక కణాలలో పుట్టి, ఇంప్లాంటు చుట్టూ ఉన్న నీటిలో, పొరలో మొదలయ్యే వేరే రకం క్యాన్సరు. చాలా అరుదు. ప్రధానంగా గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్లతోనే కనిపించింది. 2019 జూలైలో అలెర్గాన్ సంస్థ తన బయోసెల్ అనే గరుకు రకం ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నది దీనివల్లనే. అయితే ఏ లక్షణమూ లేనివారు భయపడి వాటిని తీయించుకోనక్కరలేదని కూడా అప్పుడే చెప్పారు. తొందరగా కనిపెడితే ఇంప్లాంటును, పొరను పూర్తిగా తీసేయడంతోనే చాలామందికి నయమవుతుంది. మా సిస్టరుకూ అలాగే నయమైంది, ఇప్పుడు మనవరాలిని బడికి దింపి వస్తున్నది. ఆ పారబోసిన నీటిని తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నీకు వాపు ఉందని నీవు రాయలేదు, గట్టిదనమే అన్నావు. కాబట్టి నీకు అది ఉన్నదని నేను అనడం లేదు. కానీ రెండు రొమ్ములలో ఒకటే పెద్దదైనట్లు అనిపించినా, చంకలో గడ్డ తగిలినా ఆపరేషను తేదీ కోసం ఎదురుచూడకు. నీ శరీరం నుండి తీసిన నీరైనా, పొరైనా పరీక్షకు వెళుతుందని ముందే కాగితం మీద రాయించుకో. మొహమాటపడకు. నీకు నోరు రాకపోతే పక్కన నేను ఉంటాను, నాకు వస్తుంది.

ఇక మార్గాలు. ఈసారి పెద్దవి అన్నావు, వద్దు. ఎక్కువ బరువు పెడితే పలుచబడిన చర్మం మళ్లీ జారుతుంది, మళ్లీ కత్తి తప్పదు. గట్టిపడిన పొరను తీసి, ఇప్పుడు కండరం పైన ఉంటే కండరం కింద కొత్త చోటు చేసి, అదే పరిమాణంలోనో చిన్నదిగానో మార్చడం ఒక దారి. అయితే గట్టిదనం మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అసలు తీయించేసుకొని, మిగిలిన చర్మాన్ని పైకి ఎత్తి కుట్టించుకోవడం ఇంకో దారి, నన్నడిగితే నీకు నప్పేది ఇదే. నీ ఒంటి కొవ్వునే తీసి నింపే పద్ధతి ఉంది గాని అందులో కొంత కరిగిపోతుంది, ఒకసారితో తీరకపోవచ్చు. పొరను ఇంప్లాంటుతో కలిపి ముద్దగా తీయడాన్ని 'ఎన్ బ్లాక్' అని గొప్పగా ప్రచారం చేస్తున్నారు; లింఫోమాకు అది అవసరమే, మిగతావారికి కాదు. పలుచని పొర పక్కటెముకలకు అంటుకొని ఉన్నచోట గీకి తీయబోతే ఊపిరితిత్తికి చిల్లు పడే ప్రమాదం ఉంది. ఒంటి నొప్పులు, నీరసం, మతిమరుపు ఇంప్లాంటు వల్లనే అనుకొని తీయించుకునేవారూ ఉన్నారు. దానిని తేల్చే పరీక్ష ఏదీ లేదు, తీశాక కొందరికి హాయిగా ఉంటుంది, కొందరికి ఉండదు.

సర్జనుకు ఎంఎస్ తరువాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ అనే పై డిగ్రీ ఉన్నదో లేదో చూసుకో. ఆస్పిరిన్ వంటి మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పు. సౌందర్యం కోసం అంటే బీమా సాధారణంగా రాదు. చిరుగు గాని, నొప్పి గాని కారణమైతే దానిని డాక్టరు చేత రాయించి అడుగు. చిన్నవాడిని కొన్ని వారాల పాటు ఎత్తుకోకూడదు, వాడి ఏడుపు చూసి కరిగిపోకు. అలిపిరి మెట్లెక్కుతానని మొక్కుకున్నావు కదా, స్వామి ఎక్కడికీ పోడు, గాయం పూర్తిగా మానాక ఎక్కవచ్చు.

అమ్మకు ఎలా చెప్పాలో నాకు వదిలేయి. ముందుగా ఆ మొదటి ఆసుపత్రికి రాసి, ఇంప్లాంటు కంపెనీ, సీరియల్ నంబరు, సీసీలలో పరిమాణం, పైపొర నునుపో గరుకో అడిగి తెప్పించు. ఎంఆర్ఐ తీయించి ఆ రిపోర్టుతో కలిపి నాకు పంపు. తేదీ ఆ తరువాతే ఖాయం చేయి, నేను బెంగళూరుకు టిక్కెట్టు తీసుకుంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ