తెల్లవారుజామున తలనొప్పి, వాంతి... ట్యూమర్ అనుకోవాలా?

ప్రశ్న: నా వయసు 36. బెంగళూరు మారతహళ్లిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కాలేజీ రోజుల నుంచి మైగ్రేన్ ఉంది. నెల రోజులుగా మాత్రం తెల్లవారుజామున తలనొప్పితోనే మెలకువ వస్తోంది. వంగినా, దగ్గినా ఎక్కువవుతోంది. రెండుసార్లు వాంతి అయింది. దాదాపు రోజూ నొప్పి మాత్ర వేసుకుంటున్నా. బ్రెయిన్ ట్యూమరేమోనని భయంగా ఉంది.

జవాబు: తలనొప్పితో వచ్చేవాళ్లలో అత్యధికులకు ట్యూమర్ ఉండదు. ఉన్నవాళ్లలోనూ తలనొప్పి ఒక్కటే కనిపించడం అరుదు. అయినా మీరు పరీక్షలు వాయిదా వేయొద్దు. ఏళ్ల తరబడి మీకు అలవాటైన నొప్పి తీరు ఇప్పుడు మారిపోయింది. నొప్పి తీవ్రత కన్నా నేను ఎక్కువగా పట్టించుకునేది ఆ మార్పునే.

మెదడుకు సొంతంగా నొప్పి తెలియదు. దాని పైపొరలు, రక్తనాళాలు సాగినా నొక్కుకున్నా నొప్పి పుడుతుంది. గడ్డ, దాని చుట్టూ వాపు పెరిగితే పుర్రెలో వాటికి చోటుండదు, ఒత్తిడి పెరుగుతుంది. పడుకున్నప్పుడు తల నుంచి రక్తం కిందికి దిగడం నెమ్మదిస్తుంది. నిద్రలో శ్వాస కూడా తగ్గి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కాస్త పెరిగి రక్తనాళాలు వెడల్పవుతాయి. తెల్లవారుజామున నొప్పి ముదిరేది ఇందుకే. అయితే గురకతో నిద్రలో శ్వాస ఆగిపోయేవాళ్లకు, బీపీ బాగా ఎక్కువున్నవాళ్లకు కూడా పొద్దున్నే తల నొస్తుంది. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, అలా 3 నెలలకు మించి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. మీరు ఆ దారిలోనే ఉన్నారు.

నొప్పి వెంట ఇంకేం వస్తున్నాయో గమనించండి. ఒకవైపు చేయి పట్టు తప్పడం, మాట తడబడటం, తూలుతూ నడవడం, ఒక్క చెవికే వినికిడి తగ్గడం, ఒకటి రెండుగా కనిపించడం, పక్క చూపు తగ్గి తలుపు చెక్కలకు తగులుకోవడం. స్వభావంలో మార్పు రోగికి తెలియదు, ఇంట్లోవాళ్లనే అడగాలి.

ఈ వారంలోనే కంటి డాక్టర్‌తో ఫండస్ పరీక్ష (చుక్కలు వేసి కంటి లోపలి వెనక భాగాన్ని చూడటం) చేయించుకోండి. కంటి నరం ఉబ్బితే తలలో ఒత్తిడి పెరిగి ఉండొచ్చు. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపొద్దు. ఆ పరీక్ష బాగున్నా సరే న్యూరాలజిస్ట్‌ను కలవండి. మీ లక్షణాలకు కాంట్రాస్ట్‌తో (రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే) ఎమ్మారై స్కాన్ అవసరమనే నా అభిప్రాయం. ముందుగా కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవాలి. ఒంట్లో పేస్‌మేకర్, లోహపు ముక్కలు ఉన్నా, గర్భం ఉన్నా చెప్పాలి. సీటీ త్వరగా అయిపోతుంది కానీ మెదడు వెనక భాగంలోని చిన్న గడ్డలు అందులో తప్పిపోవచ్చు. స్కాన్‌లో మచ్చ కనబడగానే క్యాన్సర్ అని కుంగిపోకండి. మన దేశంలో క్షయ గడ్డలు, బద్దెపురుగు తిత్తులు కూడా అలాగే కనిపిస్తాయి, మందులతో నయమవుతాయి.

మెడికల్ షాపులో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు కొని వేసుకోవద్దు. వాపు తగ్గి హాయిగా అనిపిస్తుంది, కొన్ని రకాల గడ్డలు మాత్రం పరీక్షకు అందకుండా పోతాయి.

ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి ఉన్నా, ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చినా, వాంతులు ఆగకపోయినా ఓపీ కోసం ఆగకండి. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో 24 గంటల అత్యవసర విభాగం ఉంది. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎంతసేపు వచ్చిందో గడియారం చూసి డాక్టర్‌కు చెప్పాలి.