గాలిని చూసి దారి ఎంచుకో: వాటర్‌లాండ్ సైకిలు ప్రయాణం గురించి ఒక ఉత్తరం

చిరంజీవి నాయనకు,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. మే నెలలో మీ అమ్మా నాన్నగారూ ఆమ్‌స్టర్‌డామ్ వస్తున్నారనీ, వారిని ఒక రోజు సైకిళ్ళ మీద పచ్చిక బయళ్ళలోకి తీసుకువెళ్ళాలని ఉందనీ, ఎక్కడికి వెళితే బాగుంటుందో చెప్పమనీ అడిగావు. నీ ఆఫీసులో అందరూ కిండర్‌డైక్ గాలిమరలకో గీట్‌హోర్న్ ఊరికో వెళ్ళమంటారు. ఆ రెండూ చూడదగినవే కాని, మే నెలలో అక్కడ సైకిలు తొక్కడం కంటే జనం మధ్యలోంచి దాన్ని నడిపించుకుపోవడమే ఎక్కువగా ఉంటుంది. రైలెక్కి దూరం పోనవసరం లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌కు ఉత్తరాన, పంటు దాటితే చాలు, వాటర్‌లాండ్ అనే ప్రాంతం ఉంది. వారిని అక్కడికే తీసుకువెళ్ళు.

మీ నాన్నగారు అమలాపురంలో కాలువగట్ల మీద సైకిలు తొక్కి పెరిగినవారు కనుక చదునైన నేల, చెంతనే నీరు ఆయనకు కొత్త కాదు. అయితే ఇక్కడి నీటి పద్ధతి మన డెల్టాకు పూర్తిగా తలకిందులని ముందే చెప్పు, ఆయనకు ఆసక్తిగా ఉంటుంది. మన గోదావరికి ధవళేశ్వరం దగ్గర 1852 నాటికి ఆనకట్ట కట్టి, నీటి మట్టాన్ని పెంచి, వాలును అనుసరించి కాలువల గుండా పొలానికి నీరు తెచ్చారు. ఇక్కడ పొలమే సముద్రమట్టానికి దిగువన ఉంటుంది కనుక, అందులో చేరిన నీటిని పైకి తోడి కాలువలో పోసి బయటికి పంపుతారు; పూర్వం గాలిమరలు చేసిన ఆ పనిని ఇప్పుడు పంపులు చేస్తున్నాయి. పైగా వాటర్‌లాండ్ నేల, మొక్కలు కుళ్ళి వేల ఏళ్ళుగా పేరుకుపోగా ఏర్పడిన మెత్తటి నేల. నీరు తోడేకొద్దీ అది కుంగుతూ వస్తుంది. దున్ని పంట వేయడానికి పనికిరాదు కనుక గడ్డి పెంచి ఆవులను మేపుతారు. మహానగరం పక్కనే ఇంత ఖాళీ పచ్చదనం మిగలడానికి అదీ ఒక కారణమే. అదే కారణంగా దారి కూడా అక్కడక్కడ కుంగి ఎగుడుదిగుడుగా ఉంటుంది. చదునైన దేశం కదా అని చేతులు వదిలి తొక్కవద్దని ఆయనకు నా మాటగా చెప్పు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఎత్తుపల్లాలు లేని ఈ దేశంలో సైకిలు ప్రయాణం సులువో కష్టమో తేల్చేది గాలి. చెట్టూ గుట్టా అడ్డులేని ఆ బయళ్ళలో ఎదురుగాలి ఒక మోస్తరుగా వీచినా, గేరు లేని సైకిలు మీద ఉన్న పెద్దవారికి కొండ ఎక్కుతున్నంత శ్రమ అవుతుంది; పైగా కొండకు దిగుడు ఉంటుంది, ఈ గాలికి అదీ లేదు. ఇక్కడ ఎక్కువ రోజులు నైరుతి నుంచి గాలి వీస్తుంది, వసంతంలో ఈశాన్యం నుంచి, తూర్పు నుంచి వీచే రోజులు కూడా ఉంటాయి. ఆమ్‌స్టర్‌డామ్ ఊరు వాటర్‌లాండ్‌కు నైరుతి దిక్కునే ఉంది. అందువల్ల నైరుతి గాలి ఉన్న రోజున వెళ్ళేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, సైకిలు దానంతటదే పోతున్నట్టుంటుంది, ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ చాలా దూరం పోతారు. అలసిపోయి వెనక్కు తిరిగిన తరువాత గాని ఎదురుగాలి సంగతి తెలియదు. మొదటిసారి వచ్చినవారిలో చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కనుక బయలుదేరే ముందు రోజు రాత్రి వాతావరణం చూసేటప్పుడు వర్షం ఒక్కటే చూసి ఊరుకోకు, గాలి దిక్కునూ వేగాన్నీ చూడు. గాలి బలాన్ని అంకెల్లో చూపే బోఫర్ట్ కొలతలో 3 వరకు హాయిగా ఉంటుంది, 4 అయితే ఓర్చుకోవచ్చు, 5 గాని అంతకు మించి గాని ఉంటే ఆ రోజు మ్యూజియానికి తీసుకువెళ్ళు. చినుకులకు భయపడి ఆగనవసరం లేదు. మేఘాల రాడార్ చూసుకుంటూ ఏ కాఫీ దుకాణంలోనో కాసేపు కూర్చుంటే చాలావరకు వాన దాటిపోతుంది.

దారి ఇలా ఉంటుంది. సెంట్రల్ స్టేషన్ వెనక వైపు నుంచి ఐ అనే జలమార్గాన్ని దాటించే పంటు రాత్రింబగళ్ళు నడుస్తుంది, మనుషులకూ సైకిళ్ళకూ టిక్కెట్టు లేదు. అవతలి రేవు బైక్‌స్లోటర్‌వెగ్. అక్కడ దిగగానే లాకులు కనిపిస్తాయి. 1819 నుంచి 1824 వరకు తవ్విన నార్త్ హాలండ్ కాలువ అక్కడే మొదలై ఉత్తరాన డెన్ హెల్డర్ దాకా పోతుంది. కాలువ వెంబడి పార్కులోంచి చెట్ల నీడన వెళుతూ 1792 నాటి అడ్మిరాల్ గాలిమరను దాటి, రింగురోడ్డు వంతెన కింది నుంచి బయటపడితే పచ్చిక బయళ్ళు మొదలవుతాయి. అక్కడి నుంచి తూర్పుగా జుండర్‌డోర్ప్, తరువాత రాన్స్‌డోర్ప్, ఆపైన నీటి ఒడ్డున ఉన్న డర్గర్‌డామ్ చేరి, గట్టు వెంబడి పడమటగా తిరిగి రేవుకు వచ్చేస్తే మొత్తం సుమారు 20 కిలోమీటర్లు ఉంటుంది. మధ్యలో ఆగుతూ, ఫొటోలు తీసుకుంటూ, కూర్చుని తింటూ తొక్కితే ఒక పూట పడుతుంది; పెద్దవారికి అది చాలు. రాన్స్‌డోర్ప్‌లో చర్చి గోపురానికి శిఖరం లేదు, పైభాగం మొండిగా చతురస్రంగా నిలిచిపోయింది. చాలా దూరం నుంచి కనబడుతుంది కనుక దారి గుర్తుగా బాగా పనికివస్తుంది.

ఈ చుట్టుదారిని ఏ వైపు నుంచి మొదలుపెట్టాలన్నది గాలిని బట్టి నిర్ణయించు. నైరుతి గాలి ఉంటే ముందుగా గట్టు మీదుగా డర్గర్‌డామ్ వెళ్ళండి. అక్కడ నీటి వైపు అడ్డేమీ లేదు కనుక గాలి వెనక నుంచి సాయం చేస్తుంది. తిరుగు ప్రయాణం రాన్స్‌డోర్ప్, జుండర్‌డోర్ప్ మీదుగా వచ్చి కాలువ పక్కన చేరితే, ఎదురుగాలి తగిలే చివరి భాగానికి చెట్లూ ఇళ్ళూ అడ్డుగా ఉంటాయి. ఈశాన్యపు గాలి అయితే కాలువ వైపు నుంచే మొదలుపెట్టి, శరీరంలో సత్తువ ఉన్నప్పుడే ఎదురుగాలిని దాటి, గట్టు మీదుగా హాయిగా ఇంటికి రావచ్చు.

డర్గర్‌డామ్‌లో గట్టు మీద నిలబడి మీ నాన్నగారికి రెండు వైపులా చూపించు. ఒక వైపు ఐమేర్ సరస్సు, రెండో వైపు దానికంటే పల్లంలో గడ్డి మైదానం. ఆ సరస్సు 1932లో ఆఫ్‌స్లౌట్‌డైక్ అనే పెద్ద కట్ట పూర్తయ్యే వరకు జౌడర్ జే అనే సముద్రపు పాయలో భాగం; 1916 జనవరిలో తుఫానుకు గట్లు తెగి ఈ ప్రాంతమంతా మునిగిన తరువాతనే ఆ కట్ట కట్టాలన్న నిర్ణయం గట్టిపడింది. డర్గర్‌డామ్ దాటి ఉత్తరంగా కొంచెం ముందుకు వెళితే గట్టుకు లోపలి వైపున కిన్సెల్‌మేర్ అనే మడుగు ఉంది. అది పాత గండ్ల వల్ల ఏర్పడినది. నీరు ఉరికి తవ్విన గుంత పూడ్చలేనంత లోతైనప్పుడు, దాన్ని అలాగే వదిలి గట్టును చుట్టూ వంచి కట్టేవారు. గట్టు కారణం లేకుండా మెలిక తిరిగి, పక్కన గుండ్రని మడుగు కనబడితే అక్కడొకప్పుడు గండి పడిందని అనుకోవచ్చు. గోదావరి వరదలు చూసినవారికి ఇది వేరే వివరించనవసరం లేదు.

అక్కడి నుంచి ఔట్‌డామ్, జౌడర్‌వౌడె, బ్రూక్ మీదుగా పెద్ద చుట్టు కూడా ఉంది, 30 కిలోమీటర్లు దాటుతుంది. అది నువ్వు నీ స్నేహితులతో వెళ్ళు. మార్కెన్ కూడా అంతే. 1957లో రోడ్డు కట్ట వేసేదాకా దీవిగా ఉన్న ఊరు, అందమైనదే, కాని ఆ కట్ట మీద రెండు వైపులా నీరే కనుక గాలి నేరుగా తగులుతుంది. గట్లను బలపరిచే పనులు జరుగుతున్నప్పుడు దారులు మూసివేసి పసుపు పచ్చని మళ్ళింపు బోర్డులు పెడతారు. వాటిని కాదని ముందుకు పోవద్దు.

దారి తప్పుతామన్న భయం అక్కరలేదు. సైకిలు దారులు కలిసే కూడళ్ళకు అంకెలు ఇచ్చారు. ప్రతి కూడలిలో పటం ఉంటుంది, తరువాతి అంకెకు ఎటు పోవాలో తెల్లని పలక మీద పచ్చని బాణం చూపిస్తుంది. ఈ పద్ధతిని ఆలోచించినది బెల్జియంలోని లింబర్గ్ ప్రాంతానికి చెందిన హ్యూగో బోలెన్ అనే గనుల ఇంజనీరు. బొగ్గు గనుల సొరంగాల్లో కూడళ్ళకు అంకెలు వేసే అలవాటును నేల మీదికి తెచ్చాడు, 1995లో అక్కడ మొదలైంది. మీరు వెళ్ళే కూడళ్ళ అంకెలను వరసగా ఒక చీటీ మీద పెద్దగా రాసి మీ నాన్నగారి హ్యాండిల్‌కు అంటించు. దారి చూపించే బాధ్యత ఆయనకు అప్పగిస్తే ఆయనకూ సంతోషం, నీకూ వెనక నుంచి ఇద్దరినీ కనిపెట్టి ఉండే వీలు కలుగుతుంది. నడుపుతూ ఫోను చేత పట్టుకోవడం 2019 జూలై నుంచి ఇక్కడ నేరం, జరిమానా గట్టిగానే వేస్తారు.

సైకిళ్ళ విషయంలో తొందరపడకు. స్టేషన్లలో రైలు ప్రయాణపు కార్డు మీద ఇచ్చే నీలం, పసుపు సైకిళ్ళు నీకు చవక కాని, మీ అమ్మకు అవి సరిపడకపోవచ్చు. దుకాణంలో అద్దెకు తీసుకుని, సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనేంత వరకు కిందికి దించమని అడుగు; డచ్చివారి కొలతకు పెట్టిన సీటు మన పెద్దవారికి ఎప్పుడూ ఎత్తే. మీ అమ్మకు అడ్డ కడ్డీ లేనిది తీసుకో. వెనక చక్రానికి రెండు పక్కలా కప్పు ఉన్నదే ఎంచుకో, లేకపోతే చున్నీ చక్రంలో పడుతుంది; ఉన్నా సరే, చున్నీని నడుముకు కట్టుకోమను. చాలా సైకిళ్ళకు పెడలును వెనక్కు తొక్కితే బ్రేకు పడుతుంది. మన దేశంలో పెడలును వెనక్కు ఊరికే తిప్పుతూ సిగ్నలు దగ్గర ఆగే అలవాటున్న మీ నాన్నగారు ఒక్కసారిగా నిలిచిపోయి పడతారు. చేతి బ్రేకులున్నవి దొరికితే అవే మేలు, దొరకకపోతే పంటు ఎక్కక ముందే ఏదైనా ఖాళీ చోట ఇద్దరిచేతా తొక్కించి, ఆపించి, దించి చూడు. బ్యాటరీ సైకిలు ఎదురుగాలికి గొప్ప ఉపకారమే కాని అది బరువైనది, పెడలు మీద కాలు వేయగానే ముందుకు ఉరుకుతుంది. కొత్తవారికి మొదటి రోజున నేను ఇప్పించను.

వాహనాలు అసలే ఉండవని మాత్రం వారికి చెప్పవద్దు. ఎర్రని తారు వేసిన సైకిలు దారుల మీద కార్లు రావు, కాని కొన్నిచోట్ల చిన్న స్కూటర్లు వస్తాయి; ఊళ్ళ మధ్య సన్నని దారుల్లో అక్కడివారి కార్లూ, మే నెలలో గడ్డి కోసే ట్రాక్టర్లూ తిరుగుతాయి. ఆదివారం ఉదయం గట్ల మీద పందెపు సైకిళ్ళ గుంపులు దూసుకుపోతాయి. పండుగ సెలవులప్పుడు, ముఖ్యంగా క్రీస్తు ఆరోహణ గురువారం నాడు, దేశమంతా సైకిళ్ళ మీదే ఉంటుంది. కనుక ఏ మంగళవారమో బుధవారమో పొద్దున్నే బయలుదేరండి. ఇక్కడ కుడి పక్కన నడపాలి. మన అలవాటు కొద్దీ ముందు కుడికి చూసి ఎడమ నుంచి వచ్చేదాన్ని మరిచిపోతారు, దీన్ని ఇద్దరికీ రెండు మూడు సార్లు గుర్తుచెయ్యి. రోడ్డు మీద తెల్లని త్రికోణాల మొనలు మీ వైపు చూస్తుంటే ఆగి దారి ఇవ్వాలి. గుర్తులేవీ లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవారిది ముందు దారి.

పొలాల అంచున ఉన్న బోదెల గురించి జాగ్రత్త. వాటి మీద సన్నని పచ్చని నాచు పరుచుకుని అచ్చం గడ్డిలాగే కనబడుతుంది. ఫొటో కోసమని వెనక్కు అడుగులు వేసినవారు బురదలో దిగబడతారు. సైకిళ్ళను దారికి దగ్గరలోనే స్టాండు వేసి పెట్టండి. పచ్చికలోకి అసలే దిగవద్దు, ఎందుకంటే మే నెలలో అక్కడ నేల మీదే గూళ్ళు పెట్టుకునే పక్షులుంటాయి. పొడుగు ముక్కు, ఇటుకరంగు మెడ ఉన్న గ్రుటో అనే పక్షిని 2015లో ఈ దేశపు జాతీయ పక్షిగా ఎన్నుకున్నారు. దాని పిల్లలు పెరిగే వరకు, జూన్ మధ్యదాకా, గడ్డి కోయకుండా ఆగే రైతులూ ఉన్నారు. ఆ జాతి పక్షులు చలికాలంలో మన పులికాట్‌కూ వస్తాయి, అయితే అవి వేరే ప్రాంతాల నుంచి వచ్చేవి.

భోజనానికి పులిహోర, పెరుగన్నం కట్టుకువెళ్ళండి. ఊళ్ళలో ఒకటి రెండు కాఫీ దుకాణాలు ఉంటాయి, వాటిలో ఆపిల్ కేకు బాగుంటుంది కాని శాకాహారులకు కడుపు నిండే పదార్థాలు తక్కువ, పైగా వారం మధ్యలో కొన్ని మూసి ఉంటాయి. మరుగుదొడ్లు కూడా ఆ దుకాణాల్లోనే, కనుక తెరిచి ఉన్నది కనబడితే అవసరం లేకపోయినా ఆగండి. ఎండ ఉన్నా పలచని గాలికోటు ఒకటి ప్రతివారి దగ్గరా ఉండాలి.

మీరు ఏ రోజు వెళ్ళదలచారో రెండు రోజుల ముందు నాకు తెలియజెయ్యి. గాలి ఎటు నుంచి ఉందో చూసి, గట్టు వైపు నుంచి మొదలుపెట్టాలో కాలువ వైపు నుంచి మొదలుపెట్టాలో చెబుతాను. మీ అమ్మ ఎత్తు ఎంతో కూడా రాసి పంపు, నాకు తెలిసిన దుకాణంలో సరిపడే సైకిలు ఉందేమో ముందే అడిగి ఉంచుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ