దుబాయ్ నుంచి బరంపురానికి కెమెరా తెస్తే కస్టమ్స్‌లో డ్యూటీ పడుతుందా?

మీ ప్రశ్నలో రెండు వస్తువులున్నాయి. ఊరి నుంచి పట్టుకెళ్లిన పాత కెమెరా బాడీ ఒకటి, దుబాయ్‌లో ఈమధ్య కొన్న లెన్సు ఒకటి. భువనేశ్వర్‌లో దిగి బరంపురం వెళ్తారన్నారు. నాదీ బరంపురమే. షార్జాలో పెళ్లిళ్లు, ఫంక్షన్లు తీస్తుంటాను, ఇంటికొచ్చినప్పుడల్లా కెమెరా బ్యాగు వెంట ఉంటుంది.

అందరూ కొత్త లెన్సు గురించి టెన్షన్ పడతారు గానీ, దానికి బిల్లుంటుంది, లెక్క తేలిపోతుంది. చిక్కంతా పాత బాడీతోనే. అది మన దేశంలోనే కొన్నదని మీకు తెలుసు, స్కానర్ దగ్గరున్న ఆఫీసరుకు ఎలా తెలుస్తుంది?

అందుకే నేను బయల్దేరేటప్పుడే ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకుంటాను. లగేజీ చెకిన్‌లో ఇవ్వకముందే కస్టమ్స్ వాళ్లకు బ్యాగు విప్పి చూపిస్తే, సీరియల్ నంబర్లతో సహా రాసి, సంతకం పెట్టి ఇస్తారు. ఒక్కోసారి కౌంటర్లో ఎవరూ ఉండరు, అడిగి పిలిపించుకోవాలి, కాబట్టి కాస్త ముందే వెళ్లడం మేలు. తిరిగొచ్చేటప్పుడు ఆ కాగితం చూపిస్తే ఆ వస్తువులకు డ్యూటీ ఉండదు.

మీరు ఆ కాగితం లేకుండా వెళ్లారు కాబట్టి, మన దేశంలో కొన్నప్పటి బిల్లు ఇంట్లో వెతికించి ఫోటో తెప్పించుకోండి. అదీ దొరక్కపోతే ఆ కెమెరాతో తీసిన పాత ఫోటోలు పట్టుకురండి. మా రూమ్మేట్ అలాగే బయటపడ్డాడు. దుబాయ్ రాకముందు మన బరంపురం జాతర ఠాకురాణి యాత్రలో తీసిన ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో తెరిచి చూపించాడు. వాటి ఎగ్జిఫ్ వివరాల్లో, అంటే ఫోటో ఫైల్లోనే కెమెరా రాసిపెట్టే సమాచారంలో, తేదీతో పాటు బాడీ సీరియల్ నంబరు కూడా ఉంది. ఆఫీసరు కెమెరా తిరగేసి, అడుగున ఉన్న నంబరుతో సరిచూసుకుని పంపించేశాడు. ఇది రూల్లో ఉన్న పద్ధతి కాదు, ఆయన నమ్మాడు, అంతే. ఒరిజినల్ ఫైళ్లే ఉండాలి, వాట్సాప్‌లో వచ్చిన ఫోటోల్లో ఈ వివరాలు ఉండవు.

ఇక లెన్సు. నేను డ్యూటీ కట్టినప్పుడు 2016 బ్యాగేజీ రూల్స్ నడుస్తున్నాయి. అప్పట్లో 50,000 రూపాయల దాకా మినహాయింపు, ఆపైన విలువకు 38.5 శాతం డ్యూటీ ఉండేది. అంటే 80,000 లెన్సుకు 30,000 మీద 11,550 రూపాయలు. చుట్టాలకు తెచ్చే సెంట్లు, ఫోన్లు కూడా ఆ మినహాయింపులోనే కలుస్తాయి. భార్యాభర్తలు ఇద్దరి వాటా ఒకే వస్తువుకు కలపడం కుదరదు. ప్రభుత్వం ఈ అంకెలు మారుస్తుంటుంది, బయల్దేరే ముందు కస్టమ్స్‌ను చూసే కేంద్ర బోర్డు సీబీఐసీ సైటు చూడండి.

డబ్బా పారేసి, పట్టీ తగిలించి, మెడలో వేసుకుని, డ్యూటీ కట్టాల్సిన వస్తువులు లేనివాళ్లు వెళ్లే గ్రీన్ ఛానెల్లో నడిచేయమని సలహా ఇచ్చేవాళ్లు మా క్యాంపులోనూ ఉన్నారు. పట్టుబడితే వస్తువు జప్తు చేసి, పైన పెనాల్టీ కూడా వేయొచ్చు. డ్యూటీ ఉన్నవాళ్లు వెళ్లే రెడ్ ఛానెల్‌కెళ్లి బిల్లు పెట్టడమే నయం. మన వైపు వాళ్లకు ఒడియా వచ్చు కాబట్టి మాట్లాడుకోవడానికి ఇబ్బంది కూడా ఉండదు.

డ్రోన్ ఉంటే మాత్రం అక్కడే వదిలేసి రండి. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉంది. స్పేర్ బ్యాటరీలు చెకిన్ లగేజీలో వేయకండి, చేతి బ్యాగులోనే పెట్టుకోండి.