పాల కణం మీద వ్యాసం పంపిన అమ్మాయికి

అమ్మాయ్, రొమ్ములో పాలు తయారుచేసే కణం మీద నీ వ్యాసం మొత్తం చదివాను. రెండో పేరాలో "హార్మోన్ల ప్రభావం వల్ల కణ నిర్మాణంలో మార్పులు కలుగుతాయి" అన్నావు చూడు, అక్కడే నాకు చిరాకొచ్చింది. ఏ హార్మోను, ఏ కణం, అందులో ఏం మారింది? ఇవి చెప్పకపోతే ఆ వాక్యం తీసుకెళ్ళి థైరాయిడ్ వ్యాసంలో పెట్టినా అతికిపోతుంది.

ఈస్ట్రోజన్ వల్ల పాలొస్తాయని రాశావు, అది తప్పు. యుక్తవయసులో అది చేసే పని పాల నాళాల్ని పొడుగు చేసి రొమ్ములోని కొవ్వులోకి చొచ్చుకుపోయేలా చెయ్యడం, అదీ ఎలాగంటే ఈస్ట్రోజన్ రిసెప్టర్, అంటే ఆ హార్మోన్ని అందుకునే ప్రొటీన్, ఉన్న కణాలు చాలావరకు తాము విభజన చెందవు, పక్క కణాలకి కబురు పంపి వాటిచేత విభజన చేయిస్తాయి. ఇంత మంచి సంగతి వదిలేశావేంటి?

గర్భంతో ఉన్నప్పుడు ప్రొజెస్టెరాన్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్లు కలిసి నాళాల చివర పాలు తయారుచేసే కణాల గుత్తులు కట్టిస్తాయి. అక్కడ ఒక్క కణం దగ్గర ఆగు. ప్రొటీన్లు తయారయ్యే రఫ్ ఎండోప్లాస్మిక్ రెటిక్యులం పొరలుపొరలుగా పెరుగుతుంది, వాటిని మూటకట్టే గాల్జీ ఉబ్బి పాల ప్రొటీన్ కేసిన్‌ని సంచుల్లో సర్దుతుంది, పైఅంచుకి చేరిన కొవ్వు బొట్టు బయటికి పోతూ ఆ కణం పైపొరనే చుట్టుకుని పోతుంది. ఇంత సిద్ధమైనా కాన్పయ్యేదాకా ప్రొజెస్టెరాన్ పాలకి బ్రేక్ వేసి ఉంచుతుంది. మాయ బయటపడ్డాక ప్రొజెస్టెరాన్ మోతాదు పడిపోతుంది, కణాల మధ్య సందులు మూసుకుంటాయి, అప్పుడు పాలు ధారాళంగా ఊరతాయి. ఆక్సిటోసిన్ అనే హార్మోను పాలని తయారుచెయ్యదు, గుత్తి చుట్టూ అల్లుకున్న, కండరంలా ముడుచుకునే మయోఎపిథీలియల్ కణాలు బిగుసుకునేలా చేసి పాలని బయటికి తోస్తుంది.

నేను సైన్స్ చదవలేదు. ల్యాబ్‌లో పనిచేసే ఒకాయన రొమ్ము కణజాలం స్లైడ్లు రెండు చూపించారు, ఒకదాంట్లో అంతా కొవ్వే, అక్కడక్కడ నాళాలు, పాలిచ్చే దశలో తీసిన రెండోదాంట్లో కొవ్వు కనపడటమే కష్టం, గుత్తులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. అదంతా రాసిస్తే ఒక ఎడిటర్ స్లైడ్ల పేరా మొత్తం కొట్టేసి "మాతృత్వపు మహిమ" అని హెడ్డింగ్ పెట్టాడు, ఇన్నేళ్ళయినా ఆ కోపం పోలేదు. ఇప్పటికీ అదే ఫ్యాషన్, కణం గురించి మొదలుపెట్టి నాలుగో లైనుకల్లా అమ్మ ప్రేమలోకి వెళ్ళిపోతారు. నీ ముగింపూ అలాగే ఉంది, తీసెయ్.

దాని బదులు పాలు మాన్పించాక ఏమవుతుందో రాయి. పాలు లోపలే నిలిచిపోయి, ప్రొలాక్టిన్ సంకేతం తగ్గి, అంతదాకా పాలు తయారుచేసిన కణాల్లో చాలావరకు అపాప్టోసిస్‌తో, అంటే తమను తామే క్రమంగా నాశనం చేసుకుని, చచ్చిపోతాయి, పక్క కణాలే వాటిని మింగి శుభ్రం చేస్తాయి, మళ్ళీ కొవ్వు వచ్చి నిండుతుంది. ఆ పేరా రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.